జవాబు రాని మనవి

టైలర్ దగ్గరికి వెళ్లే మనిషి చేతిలో గుడ్డ ఉండాలి కదా, ప్రతి బుధవారం టైలర్ టైలర్ అంటుంది, ఇంట్లోకి ఒక్క కొత్త బట్టా రాదు, అనుకుంటూ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ సొంత భార్య వెనకాల, మందుల షాపు నీడలో ఒకసారి, ఆగి ఉన్న లారీ చాటున ఒకసారి నక్కుతూ నడుస్తున్నాడు, ఒంట్లో బాగాలేదని అబద్ధమాడి డ్యూటీ దిగి వచ్చాడు, యూనిఫాం కనపడకుండా స్వెటర్ తొడిగాడు, ఇంత ఎండలో స్వెటరేమిటని అడిగేవాళ్లకు చలిజ్వరమని చెప్పాలని కూడా అనుకుని పెట్టుకున్నాడు, టికెట్ లేనివాడు కిటికీలోంచి బయటికి అవసరానికి మించి చూస్తాడు, ఆమె కూడా ఈమధ్య అలాగే చూస్తోంది, పైగా మొన్న గిన్నెలు తోముతూ కూనిరాగం, అతను వంటింట్లోకి రాగానే కుళాయి ఇంకాస్త తిప్పింది, ఆ చప్పుడులో రాగం కలిసిపోతుందనుకుంది కాబోలు, ఏ మగవాడో అయితే వాడి చొక్కా పట్టుకుని నిలదీయొచ్చు, కానీ ఆ రాగం అతనికి తెలుసు, చర్చిలో ఆరాధన చివర పాడేది, మగవాడే అయినా కడుపు ఇంత మండేది కాదేమో.

ఇద్దరూ కలిసే కదా చర్చి మానేశారు, పాప ఆస్పత్రిలో ఉన్నప్పుడు అక్కడి వరండాలో సంఘమంతా మోకరించి ఉండగా పాస్టర్ గారు అతని భుజం మీద చెయ్యి వేసి, దిగులు పడకు బాబూ, బిడ్డ లేచి కూర్చుంటుంది చూడు, అన్నాడు, అతను చిన్నపిల్లాడిలా నమ్మేశాడు, పరుగున వెళ్లి పాపకు కొత్త చెప్పులు కొనుక్కొచ్చాడు, ఇంటికి నడిచి రావాలి కదా అని, పాప రాలేదు, చెప్పులు వచ్చాయి, బీరువా అడుగు అరలో ఉన్నాయి, ఆ అర ఇద్దరూ తెరవరు, ఇంక ఆ గుమ్మం తొక్కేది లేదు, విన్నావా, అన్నాడు ఆవేళ, ఆమె తల ఊపింది, బైబిలు అటకెక్కింది, ఆ తర్వాత ఇంట్లో మిగిలింది దుఃఖమొక్కటే, అది ఇద్దరిదీ, ఇప్పుడు ఈవిడ ఒక్కతే వెళ్లి ఎక్కడో ఓదార్పు సంపాదించి కొంగు చాటున దాచుకుంటోందా, అతన్ని ఒంటరిగా వదిలేసి తను తేరుకుంటోందా, మరిచిపోతే గాని తేరుకోరు, ఆమె మరిచిపోతే పాపను ఇక అతనొక్కడే మొయ్యాలి, అదీ భయం, దానికి కోపమని పేరు పెట్టుకుని తిరుగుతున్నాడు.

అనుకున్నంతా అయింది, ఆమె చర్చి పక్క తలుపులోంచి లోపలికి వెళ్లింది, అతను కాసేపాగి దొంగలా దూరి స్తంభం వెనక ఆఖరి బల్ల మీద కూర్చున్నాడు, గోడలకు కొత్త సున్నం, ఎవర్ని ఆకట్టుకోవడానికో, పాస్టర్ గారు బాగా చిక్కిపోయాడు, అదీ ఏ నాటకమో, ఒక ముసలావిడ లేచి కంటి ఆపరేషన్ బాగా జరిగింది, స్తోత్రం అంది, ఇంకొకావిడ కొడుక్కి ఉద్యోగం వచ్చిందంది, అందరూ ఆమెన్ అన్నారు, అవునులే, అడిగింది దొరికినవాళ్లే లేచి నిలబడతారు, దొరకనివాళ్ల సంగతి ఎవరడుగుతారు, వీళ్ల వ్యవహారం తెలిసిందే, అనుకుంటూ ఉండగా భార్య లేచింది, నాకు నెమ్మది దొరికింది అని మాత్రం అనాలి, ఇక్కణ్ణుంచే అరుస్తాను, పరువు పోతే పోనీ, అనుకుని పిడికిళ్లు బిగించాడు, ఆమె కొంగు సర్దుకుని, మా పాప సంగతి అడిగానండీ, ఇంకా జవాబు రాలేదు, పోయిన వారం కూడా రాలేదు, ఎందుకు తీసుకున్నావని ఆయన్నే అడుగుదామని మళ్లీ వచ్చాను, చెప్పేదాకా వస్తూనే ఉంటాను, అని కూర్చుంది, ఇంట్లో బియ్యం అయిపోయాయని చెప్పే గొంతే అది, పాస్టర్ గారు తల వంచుకుని, నాకూ తెలీదమ్మా, నేనూ అదే అడుగుతున్నాను, అన్నాడు, అందరూ మెల్లగా ఆమెన్ అన్నారు.

ఇందులో మోసం ఎక్కడుందా అని వెతికాడు, ఉండే ఉంటుంది, ఉండకపోతే ఎలా, కానీ చేతికేమీ తగల్లేదు, ఆమె పాపను ఎక్కడా దించలేదు, ప్రతి వారం ఇక్కడిదాకా మోసుకొస్తోంది, తగువు ఎవరితో ఉందో వాళ్ల దగ్గరికే వెళ్లింది, మరి తను, తను ఆ తగువునంతా బస్సుల్లో జనం మీద చూపించాడు, టికెట్ పారేసుకున్న పెద్దాయన దేవుడి మీద ఒట్టు బాబూ అంటే, అయితే ఆయన్నే దిగొచ్చి తీసుకెళ్లమను అని దారి మధ్యలో దించేశాడు, ఈ చర్చి ముందు నుంచి నడవాల్సి వస్తుందని రోజూ రెండు వీధులు చుట్టు తిరిగి డిపోకు వెళ్లాడు, ఎప్పుడు లేచాడో తెలీదు, నాకూ రాలేదు ప్రభువా, అన్నాడు, పాప పోయాక ఆ పేరు నోట రావడం అదే మొదలు, తలలన్నీ వెనక్కి తిరిగాయి, భార్య చూసింది, స్వెటరూ చూసింది, ఇంత ఎండలో ఇదేం వేషమండీ అన్నట్టు ముఖం పెట్టి, బల్ల మీద కొంచెం పక్కకు జరిగింది.

వెళ్లి ఆ జాగాలో కూర్చున్నాడు, చెమటలు కారుతున్నాయి, ఎందుకో చిన్నప్పుడు అమ్మ మీద అలిగి మంచం కింద దూరిన రోజు గుర్తొచ్చింది, అన్నం వద్దు, నువ్వూ వద్దు, అని అరిచి, ఆ తర్వాత ఆమె అడుగుల చప్పుడు ఎటు వెళుతోందో ఊపిరి బిగబట్టి విన్నాడు, పరాయివాళ్ల మీద ఎవరలుగుతారు, పక్కన భార్య కళ్లు మూసుకుంది, పైన ఫ్యాన్ కిర్రుమంటూ తిరుగుతోంది, జవాబేమీ రాలేదు, దేవుణ్ణి ఏనాడో వదిలేశాననే అనుకున్నాడు ఇన్నాళ్లూ, వదల్లేదు, అలిగాడు, అలిగి ఇంతకాలం ఆయన పిలుపు కోసమే చెవులు రిక్కించుకుని ఉన్నాడు.