మూడో పీపా

నాకు అక్షరాలు యాభై తొమ్మిదో ఏట వచ్చాయి. ఈ నాలుగు పేజీలకు నాలుగు వారాలు పట్టింది. ఎక్కడైనా వత్తు జారినా, దీర్ఘం ఎగిరిపోయినా పెద్ద మనసుతో దిద్దుకుని చదవండి. నా కథే అయినా ‘ఆమె’ అని రాస్తున్నాను. ‘నేను’ అని మొదలుపెడితే కోపం కలం కంటే ముందు పరిగెత్తుతోంది.

ఆ ఉదయం ఆమె నలభై చిన్న గ్లాసులు కడుగుతోంది. సబ్బు వాడకూడదు. సబ్బు వాసన అంటితే ఎంత మంచి వైనయినా బట్టలుతికిన నీళ్ళే. వేడినీళ్ళలో ముంచి, పాత నూలుగుడ్డతో తుడిచి, వెలుతురుకు పట్టి చూడాలి. గ్లాసు మెరిస్తే ఎవరికీ కనబడదు. మరక ఉంటే మాత్రం ఇంటిల్లిపాదికీ కళ్ళొస్తాయి.

గోడ అవతల మరిది తరగతి మొదలుపెట్టాడు. తీపి వైన్ ఎన్నడూ ఎరగనివాళ్ళకు పరిచయం. ఈసారి వచ్చినవాళ్ళలో ఒక పెద్ద హోటల్ యజమానురాలు కూడా ఉంది. ఆవిడకు నచ్చితే ఈ ఏటి సరుకంతా ఆ హోటలుకే.

“తీపి వైన్ అంటే చక్కెర కలిపారనుకుంటారు. కాదండీ. పండు కోయకుండా తీగ మీదే వదిలేస్తాం. పొద్దున మంచు, మధ్యాహ్నం ఎండ. ఒక రకం బూజు పడుతుంది. నీరు పోతుంది, తీపి మిగులుతుంది. ముసలమ్మల మొహంలా ముడతలు పడ్డ పండే మాకు ముద్దు. పులుపూ ఉండాలి. పులుపు లేని తీపి నాలుక మీద జిగురు, అంతే.”

నవ్వులు వినిపించాయి. ఆ మాటలన్నీ ఆమెవే. ‘నా మొహంలా ముడతలు’ అని ఆమె చెబితే, అతను ‘ముసలమ్మల మొహంలా’ అని మార్చుకున్నాడు. అతని సొంత కవిత్వం అంతవరకే.

భర్త బతికున్న రోజుల్లో, “నాలుక నీది, నోరు నాది. కొనేవాళ్ళ ముందు ఆడది రుచి చెబితే ఇంటి పరువేం కాను?” అనేవాడు. అందుకని ఒక పద్ధతి పెట్టాడు. ప్రతి పీపా ముందు వంటగదిలో ఆమె రుచి చూడాలి. గ్లాసుల ట్రే తెచ్చి అతని కుడి పక్కన పెడితే వైన్ బాగున్నట్టు, ఎడమ పక్కన పెడితే ఏదో సాకు చెప్పి మార్చేయాలన్నట్టు. అతను పోయాక కుర్చీతోపాటు ఆ పద్ధతి కూడా మరిదికి దక్కింది. “మొగుడు పోయినా నీకు ఇంట్లో ఒక పని మిగిలింది, సంతోషించు” అంది అత్తగారు. ఆమె నిజంగానే సంతోషించింది. ఇప్పుడు తలుచుకుంటే అదే ఎక్కువ మండుతుంది.

తోట పనివాళ్ళ కోసం పెట్టిన సాయంకాలపు బడిలో ఆమె చదవడం నేర్చుకుంది. కూడబలుక్కుని చదివిన మొదటి పుస్తకం మరిది అచ్చు వేయించిన ‘తీపి వైన్ తొలి పాఠాలు’. వైన్ కంటే పిండివంట తియ్యగా ఉంటే వైన్ పుల్లగా తోస్తుందని, చల్లగా, చిన్న గ్లాసులో, కొంచెం కొంచెంగా తాగాలని, ఉప్పటి చీజ్ ముక్క పక్కన పెట్టుకుంటే తీపి నిలబడుతుందని అందులో ఉంది. అన్నీ ఆమె గిన్నెలు తోముతూ అతనికి చెప్పినవే. ముందుమాటలో మాత్రం, ‘ఈ నాలుక నాకు మా నాన్న ఇచ్చిన ఆస్తి’ అని రాసుకున్నాడు.

ఆ పొద్దున్నే ఆమె అడిగింది. “మళ్ళీ అచ్చు వేయిస్తున్నావుగా, ఇవి మా వదిన చెప్పినవని ఒక్క ముక్క రాయించు.”

“నాలుగు అక్షరాలొచ్చేసరికి పండితురాలివైపోయావా వదినా? రేపు గ్లాసులు తుడిచే గుడ్డకు కూడా పేరు వేయమంటావు!”

తోడికోడలు ఫక్కున నవ్వింది. “అక్కయ్యా, ఇంట్లోవాళ్ళకి పేర్లెందుకు?”

ఆమె వంటగదిలోకి వెళ్ళి మూడో పీపా వైన్ నోట్లో పోసుకుంది. అంచున వెనిగర్ పులుపు మొదలైంది. పాడైపోతోంది.

తరగతిలో రుచి చూపించే వేళకు గ్లాసుల్లో ఆ వైనే పోసి గదిలోకి తెచ్చింది. ట్రే ఎటూ పెట్టకుండా నిలబడింది. మరిది కళ్ళు కుడికీ ఎడమకీ తిరిగాయి.

“ఎటు వదినా?” అన్నాడు గొంతు తగ్గించి.

ఆమె తగ్గించలేదు. “మీ నాన్న ఇచ్చిన నాలుక ఉందిగా. నువ్వే చూసుకో.”

అతను ఒక గుక్క తాగాడు. చప్పరించాడు. “తేనె!” అన్నాడు.

హోటల్ యజమానురాలు పెదవి తడుపుకుని గ్లాసు కింద పెట్టేసింది. “ఇది వెనిగర్ అవుతోందండీ.”

“గ్లాసులండీ. మా వదిన సరిగా కడగదు. పాపం, చదువూ సంధ్యా లేని మనిషి.”

యజమానురాలు ఆమె వైపు తిరిగింది. “మీరు రుచి చూశారా అమ్మా?”

“పొద్దున్నే చూశాను. మూడో పీపా పోయింది. నాలుగోది బాగుంది.”

“మరి చెప్పలేదేం?”

“ముప్పై ఏళ్ళు చెప్పాను. ఇవాళ మానేశాను.”



అందరూ వెళ్ళాక మరిది వంటగది గుమ్మంలో నిలబడి అరిచాడు. “తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు! ఈ వయసులో నిన్నెవరు పెట్టుకుంటారు? నాలుగు రోజులు పోతే నువ్వే వస్తావు.”

ఆమె రెండు చీరలు, ఒక పలక సంచిలో సర్దుకుంది. గేటు దాకా ద్రాక్ష తీగల మధ్య నుంచే నడిచింది. దారిలో ఒక పండు తుంచి నోట్లో వేసుకుంది. సరిగ్గా పాకానికి వచ్చింది. పడమట మబ్బు పడుతోంది. ఆ పండుకు బూజు మేలు చేస్తుంది గానీ, ఒక్క వాన పడితే తోటంతా కుళ్ళిపోతుంది. కోత ఏ రోజన్నది ఏటా ఆమే చెప్పేది. తెల్లారగానే కోయాలి, ఒక్క రోజు కూడా ఆగకూడదు.

మరిది గుమ్మంలోనే నిలబడి చూస్తున్నాడు. ఆమె గేటు దగ్గరగా వేసి, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయింది.

— ఇక్కడి పనివాళ్ళు పిలిచే పేరు పెద్దక్క. వయసు అరవై ఒకటి. ఉంటున్నది ఆ పెద్ద హోటల్ వెనక, వైన్ గది పైన, నా తాళం నా దగ్గరే ఉన్న గదిలో.