ఇంజన్ చల్లారేదాకా

పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి నొక్కిపట్టి, కళ్లు మూసుకున్నాడు భోజన్న. మనసులో మాట దాచుకునే మనుషుల్ని చాలామందిని చూశాడు గాని, రోగం దాచుకునే ఇంజన్ అతనికి ఇంతవరకూ తగల్లేదు. ట్రాక్టరు సీటు మీద కూర్చున్న గులాం మొహిద్దీన్ మెల్లగా వేగం పెంచాడు. కొత్తగా బిగించిన టర్బో సన్నగా ఈల వేసింది.

"సాలు, దించు" అన్నాడు భోజన్న చెయ్యి ఆడిస్తూ.

"ఏమప్పా, బాగుండాదా?"

"మంచిగనే ఉన్నది. ఈసారి నూనె కక్కుతలేదు."

మొదటిసారి కక్కింది. తప్పు భోజన్నదే. టర్బోకు నూనె అందించే పైపు సరిగ్గానే వేశాడు గాని, అది తిరిగి కిందికి దిగే పైపును సన్నగా పెట్టాడు. దిగే దారి లేక నూనె పొగగొట్టంలోకి ఎగదన్నింది. అబుదాబి పక్కన ముసఫ్ఫాలో వాళ్ల రేకుల షెడ్డంతా నీలం పొగ కమ్మి, పక్క గ్యారేజీ వాళ్లు బకెట్లతో పరుగెత్తుకొచ్చారు. సిగ్గుతో భోజన్న ఆ రోజు అన్నం తినలేదు. తర్వాత లావు పైపు తెచ్చి, మొహిద్దీన్‌తో వెల్డింగ్ చేయించి మళ్లీ బిగించాడు.

భోజన్న పొట్టి మనిషి. ఏళ్ల తరబడి బానెట్ల మీదికి వంగి వంగి వీపు అలాగే నిలిచిపోయింది. గోళ్లలోని నలుపు పండక్కి తలంటుకున్నా పోదు. కోరుట్ల దగ్గరి పల్లెలో బావుల మీద ఆయిలింజన్లు బాగుచేసుకుంటూ బతికేవాడు. దుబాయ్ పోతానని బయల్దేరి అబుదాబిలో తేలాడు. ఊరివాళ్లకు అదీ దుబాయే, ఇదీ దుబాయే. వచ్చినప్పుడు నల్లగా ఉన్న మీసం ఇప్పుడు ఉప్పూ మిరియాలూ కలిపినట్టుంది.

ట్రాక్టరు కఫీల్‌ది, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమానిది. ఆయన తోట ఇసుక తిన్నెల అవతల ఉంది. ఖర్జూరపు చెట్ల వరసల మధ్య పెద్ద ట్రాక్టరు పట్టదని ఈ చిన్న జపాన్ బండి కొన్నాడు. ఇది చెట్ల మధ్య మేకపిల్లలా తిరుగుతుంది గాని, నీళ్ల టాంకరు తగిలిస్తే తిన్నె సగం ఎక్కి ఊపిరాడక ఆగిపోతుంది. తుక్కులో పడివున్న ఒక డీజిల్ బండి టర్బోను దీనికి పెడదామన్నది భోజన్నే. పొగగొట్టంలో వృథాగా పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పితే, దాని వెనకున్న రెండో చక్రం ఇంజన్‌లోకి గాలిని దట్టిస్తుంది. గాలి ఎక్కువైతే డీజిల్ ఎక్కువ మండుతుంది, బలం పెరుగుతుంది. కఫీల్ అంతా విని నవ్వి, భుజం తట్టి మాటిచ్చాడు: "టాంకర్ ఊపర్, బోజా ముల్క్." టాంకరు తిన్నె ఎక్కిన రోజున నువ్వు మీ దేశం వెళ్లవచ్చని. పాస్‌పోర్టు ఆయన ఆఫీసు సొరుగులో ఉంది. అది తీసి చేతికిస్తే తప్ప భోజన్నకు ఎడారి దాటే దారి లేదు. ఇంతకుముందు కంప్రెసరు బాగైతే అన్నాడు, ఆ తర్వాత నీళ్ల పంపు బాగైతే అన్నాడు. అవి బాగయ్యాయి. భోజన్న ఇక్కడే ఉన్నాడు.

అయినా నమ్మాడు. భార్య కొమురవ్వ పంపిన కేసెట్టు విన్నాక నమ్మక చేసేదేముంది?

ఊరినుంచి వచ్చినవాడి చేత పంపింది. చదువురాని మనిషి, టేపురికార్డరు ముందు కూర్చుని కడుపులో ఉన్నదంతా చెప్పింది. "నువ్వు కొనిచ్చిన ఇంజన్ మొండికేస్తున్నది. హ్యాండిలు తిప్పి తిప్పి నా రెక్కలు పడిపోతున్నయ్. సూడొచ్చినోళ్లందరు, ఇంజన్ భోజన్న లెక్కనే మొండిదంటున్నరు. మిర్పతోట ఎండుతున్నది. నువ్వే వచ్చి సూడు." ఆమె మాటల వెనక బావి దగ్గర ఆ ఇంజన్ ఆయాసంగా కొట్టుకోవడం వినిపించింది. కేసెట్టును మళ్లీ మళ్లీ తిప్పి, ఆమె గొంతునూ ఇంజన్ గొంతునూ విడదీసి విన్నాడు. పిస్టన్ రింగులు అరిగాయి, పట్టు లేదు. వెతికి వెతికి ఆ ఇంజన్‌కు సరిపోయే రింగులు కొన్నాడు. ట్రంకుపెట్టెలో పెడితే ఆమెకని కొన్న చీరకు జిడ్డు అంటుతుందని, నూనె కాగితంలో చుట్టి షెడ్డు అలమర పై అరలో పెట్టాడు. ప్రయాణం సంగతి ముందే నలుగురికీ చెబితే దిష్టి తగులుతుందని ఆ పొట్లం మాట ఎవరితోనూ అనలేదు.

"నా మాట ఇను భోజన్నా" అన్నాడు మొహిద్దీన్ ట్రాక్టరు దిగి. ప్రొద్దుటూరు మనిషి, మంచి వెల్డరు, ఉచిత సలహాలకు పెట్టింది పేరు. "బాగా జేసినోణ్ణి యాడా ఇడ్సరు. బండి గుద్దిన పంజాబీ డ్రైవరును ఎంత బిరీన పంపిచ్చిరో సూడ్లేదా? ఆ డీజిల్ పెంచే స్క్రూ రోంత ఎక్కువ తిప్పు. పిస్టన్ కరిగి కూకుంటాది. పనికిరానోడివని నిన్నూ విమానమెక్కిస్తారు."

భోజన్న స్క్రూడ్రైవరును ఆ స్క్రూ గాడిలో పెట్టాడు. ఎడమ భుజం పొద్దుటినుంచీ లాగుతూనే ఉంది. టర్బోను ఎత్తిపట్టుకుని బిగించినందుకనుకుని అమృతాంజనం రాసుకున్నాడు. చెమట కళ్లలోకి కారుతోంది. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఒక్క చుట్టు, అంతే. తర్వాత స్క్రూడ్రైవరు బయటికి తీసి జేబుగుడ్డతో తుడిచాడు.

"ఇంజన్ ఏం పాపం జేసింది మొహిద్దీన్ భాయ్?"

ఎండ నడినెత్తికి వచ్చాక కఫీల్ వచ్చాడు. షెడ్డు వెనకున్న ఇసుకగుట్ట దగ్గరికి నీళ్లు నింపిన టాంకరును లాగించారు. భోజన్న సీటెక్కి గేరు వేశాడు. ట్రాక్టరు గుట్టను పట్టింది. సగం ఎక్కాక, ఎప్పుడూ ఆగిపోయే ఎత్తులో చక్రాలు ఒక్క క్షణం ఇసుకలో తడుముకున్నాయి. టర్బో ఈల గొంతెత్తింది, పొగగొట్టం నల్లగా ఒక్కసారి ఊదింది, టాంకరు కదిలింది. గుట్ట నెత్తికెక్కి భోజన్న వెనక్కి చూశాడు. పాతికేళ్ల కుర్రాడిలా నవ్వాడు. అతను అలా నవ్వడం మొహిద్దీన్ ఎన్నడూ చూడలేదు.

"షాబాష్, బోజా!" కఫీల్ చప్పట్లు కొట్టాడు. నిజంగానే సంతోషించాడు, అందులో కపటం లేదు. కిందికి దిగొచ్చిన భోజన్నను కావలించుకుని, "మేరా భాయ్ కా దో ట్రాక్టర్ హై. వో భీ అయిసా బనావ్. బాద్ మే ముల్క్" అన్నాడు. తమ్ముడి ట్రాక్టర్లు రెండున్నాయట, వాటికీ ఇలాగే చేసి అప్పుడు వెళ్లాలట.

"అర్బాబ్, ఆప్ బోలా థా..." అన్నాడు భోజన్న. దొరా, మీరు మాటిచ్చారు గదా అనబోయాడు.

"బాద్ మే, బాద్ మే. యల్లా, చాయ్ పీవ్." కారు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

దున్నే ఎద్దునే పొడుస్తారని ఊరకే అన్నారా? ఎక్కకపోతే పని కాలేదని ఉంచుకునేవాడు, ఎక్కింది గనక పనిమంతుడని ఉంచుకున్నాడు. భోజన్న టాంకరు విప్పి, ట్రాక్టరును షెడ్డు నీడలోకి తెచ్చాడు గాని ఇంజన్ ఆపలేదు.

"ఆపప్పా, పోయి కాసేపు పొణుకో" అన్నాడు మొహిద్దీన్. ఆ మొహం చూసి అతనికి ఏడుపొచ్చింది.

"ఇప్పుడే ఆపొద్దు. టర్బో ఎర్రగ కాలి ఉన్నది. దిగ్గున ఆపుతే లోపల నూనె మాడి ఇరుసు పట్టేస్తది. జర సల్లవడనియ్యి. నేను చెప్పేదాక ఎవ్వలు ముట్టకుండ్రి."

మొహిద్దీన్ చాయ్ తెచ్చేసరికి భోజన్న స్టీరింగు మీద చేతులు పెట్టి, చేతుల మీద తల వాల్చి ఉన్నాడు. ఇంజన్ నెమ్మదిగా, సాఫీగా కొట్టుకుంటోంది. నిద్రపోయాడనుకుని గ్లాసును బానెట్ మీద పెట్టి, నమాజుకు వెళ్లాడు.

తిరిగొచ్చాడు. ఇంజన్ ఇంకా నడుస్తూనే ఉంది. గ్లాసులో చాయ్ సన్నగా వణుకుతోంది, మీగడ కట్టింది.

"భోజన్నా, సల్లారింది లేప్పా."

భుజం మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి తీయలేకపోయాడు. చివరికి రెండో చేత్తో ఇంజన్ ఆపింది అతనే.

పాస్‌పోర్టు మర్నాడే సొరుగులోంచి బయటికొచ్చింది. బతికున్న మనిషి అడిగి అడిగి అలిసినా దొరకనిది, పోయాక అడక్కుండానే దొరికింది. కఫీల్ కళ్లు తుడుచుకున్నాడు. శవంతో పాటు ఊరికి పంపే ట్రంకుపెట్టె సర్దింది మొహిద్దీన్. చీర, టేపురికార్డరు, కొమురవ్వ కేసెట్టు, ఉతికిన రెండు చొక్కాలు పెట్టాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు కోసం అలమర తెరిచినప్పుడు పై అరలో పొట్లం కనిపించింది. విప్పి చూశాడు. ఇంజన్ సామాను. పరుల సొమ్ము పుల్లయినా ముట్టని మనిషి, షెడ్డు సామానేమోననుకుని జాగ్రత్తగా మళ్లీ చుట్టి, ఉన్నచోటే పెట్టి తలుపు మూశాడు.

కొమురవ్వ ఇంజన్ రింగులు ఆ అరలోనే ఉండిపోయాయి, తుప్పు పట్టకుండా, భోజన్న పూసిన నూనె జిడ్డుతోనే.