మూడో రోజు పరుగు

జక్కయ్య తాగుడు మానేసి పదిహేనేళ్లయింది. అంతకు ముందు అతను గుంటూరు మిర్చి యార్డులో పొద్దంతా మిరపకాయల బస్తాలు, యార్డు మాటలో టిక్కీలు, మోసేవాడు. సాయంత్రం గేటు దాటగానే తాగేవాడు. ఇంటికి చేరేలోపు ప్రత్తిపాడు రోడ్డు మీద ఎక్కడో ఒకచోట పడిపోయేవాడు. అతని అన్నలిద్దరూ తాగుడుతోనే పోయారు. తర్వాత వంతు తనదేనని అతనికీ తెలుసు. ఒకరోజు నెత్తురు కక్కుకున్నాడు. భార్య శాంతి అతని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఊళ్లో చర్చిలో కూర్చోబెట్టింది. మూడు రోజులు అన్నం ముట్టలేదు, నీళ్లు ముట్టలేదు, అక్కడే బోర్లా పడుకుని ఏడ్చాడు. నాలుగో రోజు లేచి ఇంటికొచ్చి గంజి తాగాడు. మళ్లీ సీసా జోలికి పోలేదు.

అప్పట్నుంచి అతనికి రెండే పట్టింపులు. ఒకటి ప్రార్థన, రెండోది ఒళ్లు. తెల్లవారుజామున ఐదింటికి చర్చి వెనక ఖాళీ స్థలంలో దండీలు తీసేవాడు, గుంజీలు తీసేవాడు, కాలవ కట్ట మీద పరిగెత్తేవాడు. చూసి చూసి ఊళ్లో కుర్రాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. "ఈ ఒళ్లు మనది కాదురా, దేవుడు ఉండే ఇల్లు. ఇంట్లో ఎవడన్నా గుట్కా ఉమ్మేసుకుంటాడా?" అనేవాడు. నవ్వుతూనే పది పదిహేను మంది గుట్కా మానేశారు. కసరత్తు అయ్యాక అందర్నీ వరసలో నిలబెట్టి, నడినెత్తి దగ్గర్నుంచి అరికాళ్ల దాకా ఒక్కొక్క అవయవం పేరు చెప్పి కాపుదల కోసం ప్రార్థన చేసేవాడు. కళ్లు, ఊపిరితిత్తులు, గుండె, మోకాళ్లు. అలా కాపుదల పెట్టుకున్న ఒంటిని జబ్బు గానీ, పడనివాళ్ల కన్ను గానీ ఏమీ చెయ్యలేవని అతని నమ్మకం. తన ఒళ్లే దానికి సాక్ష్యం. యాభై రెండేళ్ల వయసులో కుర్రాళ్లతో సమానంగా టిక్కీలు ఎత్తేవాడు.

అతని ఒక్కగానొక్క కూతురు సౌజన్య. డిగ్రీ అయ్యాక పోలీసు కానిస్టేబులు ఉద్యోగం కోసం తయారవుతోంది. రాత పరీక్షలో ఎప్పుడూ మంచి మార్కులే. మొదటిసారి పదహారు వందల మీటర్ల పరుగులో పోయింది. పదిన్నర నిమిషాల్లో పూర్తి చెయ్యాలి. నాలుగు సెకన్లు ఎక్కువ పట్టింది. ఆ నాలుగు సెకన్లూ జక్కయ్యని ఏడాదంతా నిద్ర పోనివ్వలేదు. పిల్ల కాళ్లలో లోపం లేదు, ఊపిరిలో లోపం లేదు. మరి ఎక్కడ తేడా వచ్చింది? కాపుదల చాల్లేదని తేల్చుకున్నాడు.

ఈసారి జూన్ మొదటి వారంలో పరుగు. ఎండలకి మిర్చి యార్డుకి సెలవులిచ్చారు కాబట్టి జక్కయ్య ఇంటి దగ్గరే ఉన్నాడు. మే నెల చివర్లో ఒకరోజు అన్నాల దగ్గర మాట బయటపెట్టాడు.

"మూడు రోజులు ఉపవాసం ఉందాం అమ్మా. నువ్వూ నేనూ. నీళ్లు కూడా వద్దు. మూడో రోజు మన కాలవ కట్ట మీద నువ్వు పరిగెత్తి చూడు. ఒంట్లో ఏమీ లేనప్పుడు పరిగెత్తితే అది నీ బలం కాదు, ఆయన బలం. అప్పుడిక ఏ గ్రౌండులోనైనా నిన్ను ఆపేవాడుండడు."

శాంతి ఒప్పుకోలేదు. "నీకేం పోయేకాలం వచ్చిందయ్యా! ఈ ఎండల్లో నీళ్లు లేకుండా పిల్ల పరిగెత్తడమేంటి?"

"నన్ను బతికించింది అదేగా? నువ్వేగా నన్ను తీసుకెళ్లి కూర్చోబెట్టింది?" అన్నాడు జక్కయ్య. శాంతి గరిటె కూర గిన్నెలో పడేసింది.

సౌజన్య పళ్లెంలోకి చూస్తూ, "సరే నాన్నా" అంది.

ఉపవాసం మొదలుపెట్టిన రోజున చర్చి అయ్యగారు అతన్ని పక్కకి పిలిచారు. ఆయన పెద్దవాడు, మెతక మనిషి. "జక్కయ్యా, పిల్లని నీళ్లన్నా తాగనియ్యి. దేవుడేమీ అనుకోడు" అన్నారు. "మీకు ఆ అనుభవం లేదండి అయ్యగారూ. నాకుంది" అన్నాడు జక్కయ్య. చర్చికి ఇంతమంది కుర్రాళ్లని తెచ్చిన మనిషి. అయ్యగారు అతని భుజం తట్టి లోపలికెళ్లిపోయారు.

రెండో రోజు మధ్యాహ్నం అర్ఫా వచ్చింది. బస్టాండు పక్కన టైలరు కూతురు. సౌజన్యతో కలిసి చదువుకుంది, ఇద్దరూ కలిసే కానిస్టేబులుకి కట్టారు. రోజూ జక్కయ్య దగ్గరే కసరత్తు చేసేది. ప్రార్థన సమయానికి పక్కకెళ్లి నిలబడేది, ఎవరూ ఏమీ అనుకునేవాళ్లు కాదు. సౌజన్య చాప మీద పడుకునుంది. పెదాలు తెల్లగా ఎండి చీలాయి.

"బాబాయ్, మేమూ రోజా ఉంటాం. కానీ పొద్దుగూకగానే విప్పేస్తాం. ఒంట్లో బాగోకపోతే మానేసి తర్వాత ఉండొచ్చు. ఇదేంటి బాబాయ్, ఇలా ఉందేంటి ఇది?"

"మీ పద్ధతి మీది, మా పద్ధతి మాది అమ్మా" అన్నాడు జక్కయ్య నెమ్మదిగానే. అతను కూడా ఏమీ ముట్టలేదు. అతని నాలుకా పిడచకట్టుకుపోయి ఉంది. కూతురికి చెప్పి తను తినేరకం కాదు.

మూడో రోజు పొద్దున్నే పరుగు అనుకున్నారు. కానీ చర్చిలో ప్రార్థన సాగుతూ పోయింది. జక్కయ్య సౌజన్య మోకాళ్లకీ మడమలకీ నూనె రాసి, కన్నీళ్లు కారుస్తూ ప్రార్థించాడు. అందరూ లేచేసరికి తొమ్మిది దాటింది. కాలవ కట్ట మీదికి చేరేసరికి ఎండ మొహాన కొడుతోంది. కాలవలో చుక్క నీరు లేదు. కట్టకి రెండు వైపులా పీకి పారేసిన పత్తి కట్టె కుప్పలుగా పడి ఉంది. నాలుగు వందల మీటర్లకి సున్నంతో గీత గీసి ఉంచారు. పోవడం రావడం కలిపి నాలుగు విడతలు.

"నేనూ పక్కన పరిగెత్తుతా" అంది అర్ఫా.

జక్కయ్య ఫోనులో టైము పెట్టాడు. సౌజన్య పరిగెత్తింది. మొదటి విడత మామూలు కన్నా ముందే పూర్తయింది. రెండోదీ అంతే. జక్కయ్య ఒళ్లు పులకరించింది. రెండు చేతులూ పైకెత్తి స్తోత్రం స్తోత్రం అని అరిచాడు. వెనక నిలబడ్డ కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు.

మూడో విడతలో సౌజన్య తిన్నగా పోవడం లేదు. కట్ట అంచుకి పోతోంది, మళ్లీ మధ్యకొస్తోంది. ఒంటి మీద చెమట లేదు. అర్ఫా ఆమె మోచెయ్యి పట్టుకుని దూరం నుంచే అరిచింది.

"బాబాయ్! మాట తేడాగా వస్తోంది. ఏదేదో అంటోంది. ఆపేస్తున్నా!"

"ఆపొద్దు! ఇంకొక్క విడత! సౌజీ, ఆపకు తల్లీ!"

సౌజన్య తండ్రి గొంతు వైపు తల తిప్పింది. ఇంకో పాతిక అడుగులు వేసింది. తర్వాత మోకాళ్లు మడతపడి ముందుకు పడిపోయింది.

అర్ఫా నడుముకి కట్టుకున్న సంచిలోంచి నీళ్ల సీసా తీసి మూత తిప్పింది. జక్కయ్య పరిగెత్తుకొచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ఆగమ్మా. ముగింపు ప్రార్థన చేసి ఇద్దాం. ఒక్క నిమిషం." అర్ఫా అతని మొహంలోకి చూసింది. తర్వాత చెయ్యి విదిలించుకుని, సీసా మొత్తం సౌజన్య తల మీద పోసేసి, "ఒరేయ్, నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యండ్రా!" అని కుర్రాళ్ల మీద అరిచింది.

గుంటూరులో ఆసుపత్రికి చేరేసరికి సౌజన్యకి తెలివి లేదు. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. మంచుగడ్డలు పెట్టారు, రెండు చేతులకీ సెలైన్లు పెట్టారు. మధ్యాహ్నానికి గొట్టంలోంచి వచ్చిన మూత్రం నల్లటి టీ రంగులో ఉంది. కుర్ర డాక్టరమ్మ బయటికొచ్చి అడిగింది.

"ఈ మూడు నాలుగు రోజుల్లో ఏం తింది? నీళ్లు తాగిందా? ఏవన్నా మందులు వాడిందా? సరిగ్గా చెప్పండి, వైద్యం దాన్ని బట్టి ఉంటుంది."

జక్కయ్య నోరు విప్పాడు. "మామూలుగానే తిన్నదండి" అన్నాడు.

ఆ మాట ఎందుకన్నాడో అతనికి తర్వాత చాలా రోజులు అర్థం కాలేదు. తనని తిడతారని కాదు. నిజం చెబితే దేవుడి మీద నేరం మోపినట్టవుతుందని ఆ క్షణంలో అనిపించింది.

శాంతి గోడ దగ్గర్నుంచి లేచి వచ్చింది. "అబద్ధం తల్లీ. మూడు రోజులైంది దాని గొంతులో నీటి చుక్క పడి. ఆ కడుపుతోనే ఎండలో పరిగెత్తించాడు. నేను చూస్తా ఊరుకున్నాను."

డాక్టరమ్మ ఆ మాట చీటీ మీద రాసుకుంది. "ఒంట్లో నీళ్లు లేకుండా ఎండలో అంత పరుగు తీస్తే కండ కరిగి రక్తంలో కలుస్తుంది. అది కిడ్నీలకి అడ్డం పడుతుంది. ముందు ప్రాణం నిలబెడదాం. కిడ్నీల సంగతి తర్వాత" అని లోపలికెళ్లిపోయింది.

ప్రాణం నిలబడింది. ఐదో రోజు సౌజన్య కళ్లు తెరిచింది. పరుగు పరీక్ష జరిగిన రోజున ఆమె డయాలిసిస్ మంచం మీద ఉంది. అలా వారానికి మూడుసార్ల చొప్పున రెండు నెలలు తిరిగారు. కిడ్నీలు సగం వరకు కోలుకున్నాయి. డయాలిసిస్ ఆపేశారు కానీ, ఉప్పు తగ్గించాలన్నారు, మందులు ఆపొద్దన్నారు, ఇక జన్మలో గట్టి పరుగు వద్దన్నారు. అర్ఫా పరుగులో నెగ్గి ఉద్యోగానికి ఎంపికైంది. ట్రైనింగుకి వెళ్లే ముందు చూడ్డానికి వచ్చి, సౌజన్య జడ వేసి వెళ్లింది.

ఇంటికొచ్చాక ఒకరోజు జక్కయ్య కూతురి దగ్గర కూర్చున్నాడు. "నీకు అంత కష్టంగా ఉందని ఒక్క మాట చెప్పలేదేం అమ్మా?"

"రెండో రోజు బావి దగ్గర పుక్కిలించినట్టు చేసి తాగుదామనుకున్నా నాన్నా. తాగితే నీకు తెలిసిపోతుందనుకున్నా. దేవుడికి కాదు, నీకు."

జక్కయ్య లేచి వాకిట్లోకి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ అతను లేచి నిలబడ్డాడు. కూతురు బతికినందుకు సాక్ష్యం చెబుతాడని అందరూ ఎదురుచూశారు. ఒక పెద్దాయన ముందే అందుకున్నాడు. "నీ ఉపవాసమే పిల్లని కాపాడింది జక్కయ్యా! చావు నోట్లోంచి లాగింది!"

"కాదన్నా. నా ఉపవాసమే దాన్ని చావు నోట్లో పెట్టింది" అన్నాడు జక్కయ్య. "పరిగెత్తుతా ఉంటే అర్ఫా ఆపేద్దామంది. నేను ఆపొద్దన్నాను. పడిపోయాక నీళ్లిస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాను, ప్రార్థన కాలేదని. డాక్టరమ్మ అడిగితే అబద్ధం చెప్పాను. నాకు తాగుడు మానిపించినందుకు దేవుడికి వందనాలు. కానీ నన్ను బాగుచేసిన పద్ధతిని నేను కొరడా చేసి నా బిడ్డని కొట్టాను. ఒళ్లు దేవుడి ఇల్లని మీ అందరికీ చెప్పాను. నా ఇంట్లో ఉన్న ఆ ఇంటిని కూలదోశాను."

ఎవరూ ఆమెన్ అనలేదు. ఆడవాళ్ల వైపు ఎవరో ముక్కు చీదారు. వెనక వరసలో ఒక కుటుంబం లేచి బయటికెళ్లిపోయింది. ఇలాంటి మాటలు చర్చిలో మాట్లాడితే జనం విశ్వాసం ఏం కావాలని గుమ్మం దగ్గర గట్టిగానే అన్నారు. అయ్యగారు పైకి లేచి, బల్ల పట్టుకుని నిలబడి, "తప్పు నాలోనూ ఉంది. నాకు తెలిసీ గట్టిగా చెప్పలేదు" అన్నారు. ఆ రోజు వాక్య ప్రసంగం చెయ్యకుండానే ఆరాధన ముగించారు.

చర్చి వెనక కసరత్తు నెలన్నర ఆగిపోయింది. ఇరవై మందిలో ఆరుగురు మళ్లీ వచ్చారు. అయ్యగారే పంచె ఎగ్గట్టి వాళ్లతో నడవడం మొదలుపెట్టారు. ఎండెక్కాక పరుగు లేదు, ఒంట్లో బాగోలేనివాళ్లు గ్రౌండులోకే రాకూడదు. జక్కయ్యని ముందు నిలబడమని అడిగారు. నిలబడనన్నాడు. తెల్లవారకముందే వచ్చి స్థలం ఊడ్చి, రాళ్లు ఏరి, యార్డుకి వెళ్లిపోతున్నాడు.

సౌజన్య గుంటూరు రోడ్డులో ఒక కోల్డు స్టోరేజీలో కంప్యూటరు పనికి కుదిరింది. చర్చికి వెళ్లడం మానేసింది. శాంతి అడిగితే, "వెళ్తానమ్మా, ఇప్పుడు కాదు" అంటుంది. తండ్రితో మాట్లాడుతుంది, అన్నం పెడుతుంది, యార్డులో కాయ రేటెంతని అడుగుతుంది. పరుగు సంగతి మాత్రం ఎత్తదు, అతనూ ఎత్తడు.

మాఘమాసంలో కళ్లాల నిండా మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో ఒక పొద్దున సౌజన్య లేవలేకపోయింది. జ్వరం, వణుకు. జ్వరం వస్తే ఆలస్యం చెయ్యొద్దని, కిడ్నీలకి మళ్లీ దెబ్బ తగులుతుందని డాక్టర్లు చెప్పి ఉన్నారు. జక్కయ్య గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి ఒక అడుగు వేసి ఆగాడు.

"అమ్మా, చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యనా?"

సౌజన్య దుప్పట్లోంచి అతన్ని చూసింది. పళ్లు టకటకలాడుతున్నాయి.

"ముందు ఆటో పిలువు నాన్నా."

జక్కయ్య చెప్పులు కూడా వేసుకోకుండా సెంటరు వైపు పరిగెత్తాడు. ఆటో తెచ్చాడు, కూతుర్ని రెండు చేతులతో ఎత్తి వెనక సీట్లో శాంతి పక్కన కూర్చోబెట్టాడు, తను డ్రైవరు పక్కన ఎక్కాడు. తోవ పొడుగునా కళ్లాల్లోంచి లేచే కాయ ఘాటుకి నలుగురూ దగ్గుతూనే ఉన్నారు. అతని పెదాలు కదులుతున్నాయి. కళ్లు మూసుకోలేదు. గతుకు వచ్చినప్పుడల్లా డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి, "నెమ్మదిగా బాబూ, నెమ్మదిగా" అంటున్నాడు.