చిలుక మెడలోఁ గంటె

శ్రావణమాసమునఁ దెఱపి యెఱుఁగని జడివాన యొకింత సడలి పడమటి మబ్బుల సందునుండి వెడలిన కుంకుమవన్నె యెండ తడిసిన పెంకుటిండ్ల చూరులమీఁదను బెరటి జాజితీఁగెలమీఁదను వ్రాలుచుండెను. ఆ సాయంసమయమున విస్సన్న తన పెరటివసారాయందు వ్రేలాడు పంజరమున కెదురుగాఁ బీఁట వేసికొని చేతులు జోడించి కూరుచుండెను. పంజరమునందలి చిలుక తల యొరగించి "వచ్చితిరా? ఎండఁబడి వచ్చితిరా?" యని పలికెను. ఆ కంఠము పక్షికంఠము గాదు. గతసంవత్సరము విషజ్వరముపాలై లోకాంతరగతురాలైన యాతని యిల్లాలు పేరిందేవి కంఠమే యది.

ఆ చిలుకను రెండేండ్లనాఁడు గూఁటిపిల్లగాఁ దెచ్చి పాలన్నము పెట్టి పలుకులు నేర్పినది యామెయే. కావున నామె ప్రాణ మందే చొచ్చి యున్నదని విస్సన్న నమ్మెను. నవ్వువారు నవ్వుదురు గాక, వాని కది వేదవాక్కు. శుక్రవారము శుక్రవారము పంజరమునకుఁ బసుపు పూసి కుంకుమబొట్టు పెట్టి ముత్తైదువకు వలె ఱవికగుడ్డయుఁ దాంబూలమును సమర్పించుచుండెను.

అది చూచి యింటనే యుండు వాని యక్క బాపమ్మ యొకనాఁడు మందలించెను. "తమ్ముఁడా, ఎన్నాళ్లీ పిచ్చి? మంచి సంబంధము వచ్చియున్నది. ఔననుము."

"ఇల్లా లింట నుండఁగా మఱియొకతె నెట్లు తెత్తు నక్కా?"

బాపమ్మ మఱునాఁడే పిట్టలు పట్టు గురవనిఁ బిలిపించి యది మగదో యాఁడుదో చూడు మనెను. వాఁడు చిలుకను గుడ్డలోఁ జుట్టి పట్టి మెడయీఁకలు విడఁదీసి చూచి "అయ్యా, లేఁతప్రాయమున నన్నియు నొక్కతీరుననే యుండును. మగదైనచో మూఁడవయేఁట మెడచుట్టు నలుపు గులాబివన్నెల చాఱ కంటెవలెఁ బొడచూపును. ఆఁడుదానికి రాదు" అనెను.

"కంటె వచ్చినచో నీ మాట విందు నక్కా" యని విస్సన్న పలికెను.

ఆనాఁటినుండి ప్రొద్దుపొడుపుతోడనే యా మెడను బరీక్షించుట వానికి సంధ్యావందనముకంటె ముఖ్యమయ్యెను. కార్తికమాసమున నొకనాఁడు గడ్డముక్రింద నల్లని చాఱ కానవచ్చెను. పొయ్యిమసి గాఁబోలునని తడిగుడ్డతోఁ దుడువఁగాఁ జిలుక వ్రేలు కొఱికెను గాని చాఱ పోదయ్యెను. పక్షము దినములలో మెడవెనుక గులాబివన్నె కంటె చక్కగా నమరెను. చిలుక మగది.

బాపమ్మ పెండ్లిమాటలకు రేపే పోవుదు నని సంతోషమున వంటయింటికిఁ బోయెను. విస్సన్న పంజరముకడ నిలిచి కన్నీరు గార్చుచు "పేరిందేవీ, నీవు కావా? ఇన్నాళ్లును నాతోఁ బలికిన దెవ్వరు?" అని యడిగెను.

చిలుక యెన్నఁడును బలుకని గొంతుకతో, బొంగురుపోయిన మగగొంతుకతోఁ బలికెను. "ఊరక మూల్గకుము. కన్ను మూయనిమ్ము. నీళ్లు పిదపఁ ద్రావవచ్చును."

 అది విస్సన్న గొంతుకయే. కడపటినాఁటి మధ్యాహ్నమున జ్వరతాపమున నాలుక పిడచగట్టి గ్రుక్కెడు నీ రడిగిన పేరిందేవికిఁ దాను భుక్తాయాసముతో మంచము దిగక చెప్పిన మాట యది. తాను నిద్ర లేచునప్పటి కామె లేదు. ఆ మాట విన్నది చచ్చిన యామెయును వసారాలోని చిలుకయును మాత్రమే.

వంటయింటినుండి బాపమ్మ "ఎవ్వరిపైఁ గసరుచున్నావు తమ్ముఁడా?" యని యడిగెను.

"ఆ సంబంధము వలదని చెప్పు మక్కా."

"కంటె వచ్చినది గదా. మాట తప్పెదవా?"

"ఆమె యిందు లే దక్కా. నే నున్నాను" అని విస్సన్న చెంబు వంచి చిలుకగిన్నెలో నీరు పోయసాగెను. గిన్నె నిండి నీరు నేలపైఁ బొరలి గడప దాఁటి పోవుచున్నను వాఁడు చెంబు దింపఁ డయ్యెను. చిలుక ముక్కు దడుపలేదు.