సునీత ఇంట్లో వినని పాఠాలు

ప్రొద్దుటూరు ఆర్.సి.ఎం. చర్చి వాళ్ళకు పొద్దున ఐదున్నరకల్లా ఫోనులో ఇన్నయ్య ఫాదర్ గొంతు వినిపిస్తుంది. రోజుకొక పాఠం, పన్నెండు నిమిషాలు. ఏది పాపం, ఏది కాదు, మనస్సాక్షి ఎట్లా పనిచేస్తుంది, తెలిసి చేసిన తప్పుకూ తెలియక చేసిన తప్పుకూ తేడా ఏమిటి, ఇట్లాంటివి. చివర్లో ఆయన ఒక ప్రశ్న అడిగి, "ఇప్పుడు ఒక్క నిమిషం ఊరికే ఉండండి" అంటాడు. ఆ నిమిషం గడిచాక విన్నవాళ్ళు వాట్సాప్ గ్రూపులో "విన్నాను" అని పెట్టాలి. అట్లా ఏడాది పొడుగునా సాగుతుంది. నూట నలభై మంది చేరారు. రోజూ నూట నలభై "విన్నాను"లు వస్తాయి. అందులో నిజంగా విన్నవాళ్ళు ఎందరో ఫాదర్ ఎప్పుడూ అడగలేదు, పెద్దమనిషి.

సునీత నిజంగా వినేది. ఆమె ఊళ్ళో ఒక నర్సింగ్ హోంలో నర్సు. మొగుడు ఉదయ్ కుమార్ నాపరాళ్ళ లారీ తోలుకుని చెన్నైకి పోతే పదిహేను రోజులకు గానీ రాడు. మిద్దె మీది రెండు గదుల ఇంట్లో పొద్దున్నే వినిపించే మనిషి గొంతు ఫాదర్‌దొక్కటే. బియ్యం కడుగుతూ వినేది. ఆ ఒక్క నిమిషం వచ్చినప్పుడు స్టవ్ కూడా ఆపి నిలబడేది. అట్లా ఐదు నెలలు విన్న మనిషి ఒక బుధవారం వినలేదు.

ముందురోజు సాయంత్రం ఆమె ఒక కాగితం మీద సంతకం పెట్టింది. దాని వెనక కథ ఇది. లింగాల నుంచి జ్వరంతో వచ్చిన యల్లయ్య అనే గొర్రెల కాపరి, సూది వేసిన పావుగంటకు మంచం మీదే ప్రాణం వదిలాడు. ఆ సూది వేసింది సునీత. మందు పడుతుందో లేదో చూడటానికి ముందు చేతి మీద ఒక చుక్క ఎక్కించి కాసేపు ఆగాలి. ఆ రోజు బయట జనం కిక్కిరిసి ఉన్నారు, మేనేజరు నాగభూషణం వెనకనే నిలబడి తొందరపెడుతున్నాడు, ఆమె ఆగలేదు. "టెస్టు చెయ్యలేదే సునీతా" అని ఆయా బిస్మిల్లా బీ చెప్పింది కూడా. యల్లయ్య భార్య తిరుపాలమ్మ కేసు పెట్టింది. నాగభూషణం రాసి తెచ్చిన కాగితంలో మాత్రం, నర్సు పక్క గదిలో ఉండగా ఆయానే సొంతంగా సూది వేసిందనీ, నర్సు వచ్చేసరికే అంతా అయిపోయిందనీ ఉంది. సంతకం పెట్టకపోతే ఉద్యోగం పోతుంది, ఆ మీదట జైలు అన్నాడు. సునీత పెట్టింది. బిస్మిల్లా బీని ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు.

బుధవారం తెల్లవారి ఫాదర్ గొంతు మొదలు కాగానే సునీత దాన్ని ఆపేసింది. పదమూడు నిమిషాలు గడియారం చూసి, "విన్నాను" అని రాసి, పక్కన దండం బొమ్మ కూడా పెట్టింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగిందంటే ఇదే.

విననిది ఎక్కడికి పోతుంది, ఇంట్లోనే ఉంటుంది. ఆ పాఠం ఫోనులోంచి దిగి వంటింటి మూలన కూర్చుంది. కంటికి కనపడదు గానీ పత్తి కుక్కిన గోతంలాగా చేతికి తగులుతుంది, చెవి ఆనిస్తే లోపల సన్నగా గొణుగుతుంటుంది. మర్నాడు దాని పక్కన ఇంకొకటి చేరింది. నెల తిరిగేసరికి వంటిల్లు నిండింది. తర్వాత మంచం కింద, బీరువా ముందు, దేవుడి పటం దాకా పేరుకున్నాయి. ఇంటి ఓనరు మెట్లెక్కి వచ్చి, చేత్తో తడిమి చూసి, వానలు పడేలోపు ఖాళీ చేసుకో తల్లీ, పాత మిద్దె ఇది, బరువు ఆపదు అని చెప్పిపోయాడు. గ్యాస్ అతను బండను గడప బయటే దించి, లోపల జాగా లేదని ఆమె చెప్పకముందే తలాడించాడు. పక్కింట్లో బట్టలు కుట్టే జమీలా అయితే ఉతకని బట్టల సంగతి అడిగినట్టు అడిగింది, ఎన్ని రోజులవి పెట్టుకున్నావక్కా అని. యాభై రెండు అంది సునీత. రోజుకొకటి వినుంటే సరిపోయేది గదా అని జమీలా మిషన్ దగ్గరికి పోయింది.

ఆ మర్నాడు శనివారం. యాభై మూడోదానికి ఎక్కడా చోటు దొరక్క వీధి తలుపు వెనక దిగబడింది. ఆ తలుపు లోపలికి తెరుచుకునేది. సునీత లాగింది, గుంజింది, భుజంతో మూటను తోసింది. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. కిటికీకీ మంచానికీ నడుమ చాప పరిచినంత జాగాలో ఆమె ఇరుక్కుపోయింది.

సోమవారం పదకొండు గంటలకు జమ్మలమడుగులో ఎంక్వైరీ ఉంది. కాగితం ఒక్కటే చెల్లదు, సంతకం పెట్టిన మనిషి వచ్చి నోటితో చెప్పాలని అక్కడి ఆఫీసరు అన్నాడట. చెబితే తప్పు బిస్మిల్లా బీ మెడకు చుట్టుకుంటుంది, సునీత బయటపడుతుంది. చెప్పకపోతే సునీత మెడకే. కాబట్టి ఆమెకు బయటికి పోవాలనే ఉంది, దాచిపెట్టడం ఎందుకు. నాగభూషణం ఫోను చేసి సోమవారం ఎనిమిదిన్నరకు కారు తెస్తానని చెప్పాడు. ఆమె సరేనంది. మూటలు పోవాలంటే వినడమొక్కటే దారి. వినడానికి కూర్చుంది.

మొదట యాభై మూడోది పెట్టింది, తలుపు ముందుది అదే గనక. ఫోను కిక్కురుమనలేదు. వరస తప్పితే వినిపించవని అప్పుడు తెలిసింది. మొదటిది పెట్టి రెండింతల వేగంతో తిప్పింది. మూట సగమే తగ్గింది. దాన్నే మళ్ళీ పెట్టి చెవుల్లో దూది పెట్టుకుంది, అసలు తగ్గలేదు. బుద్ధిగా విని, చివరి నిమిషం మాత్రం నొక్కేసింది. మూట కరిగినట్టే కరిగి మళ్ళీ ఉబ్బింది. దాంతో ఆమెకు కోపమొచ్చి గోడకు వీపు ఆనించి కాళ్ళు చాపుకుంది. పన్నెండు నిమిషాలు వినడం కష్టం కాదు. ఆ తర్వాతి ఒక్క నిమిషమే మనిషిని చంపుతుంది.

పాఠాలేమో ఒకదాని వెంట ఒకటి, దాక్కున్న మనిషిని వెతుకుతున్నట్టే ఉన్నాయి. మంచి జరగాలని చేసినా చెడ్డపని మంచిపని కాదని ఒకరోజు. ఒకరి మీద లేనిది చెప్పినవాడు దేవుడి ముందు ఒప్పుకుంటే చాలదు, ఆ మనిషి పేరు ఆ మనిషికి తిరిగి ఇవ్వాలని ఇంకొకరోజు. భయపడి చేశానని మనసులో జవాబు తయారు చేసుకుందో లేదో, తర్వాతి పాఠం భయం గురించే వచ్చింది. భయంతో చేస్తే చేసినవాడి తప్పు బరువు తగ్గవచ్చు, ఎదుటివాడికి తగిలిన దెబ్బ మాత్రం రవ్వంత కూడా తగ్గదని చెప్పి, "నీ వల్ల ఎవరికి ఆ దెబ్బ తగిలింది?" అని అడిగి ఫాదర్ ఊరుకున్నాడు. ఆ నిమిషంలో సునీతకు బిస్మిల్లా బీ కనిపించింది. లేవలేని మనిషిని నొప్పి తెలియకుండా పక్కకు తిప్పడం ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమే నేర్పింది. సునీత ఏడ్చింది. మూట పోయింది.

ఆదివారం చర్చి గంట వినిపించింది. పూజకు పోవడానికి లేదు. జమీలా కిటికీ చువ్వల సందున ఉగ్గాని పొట్లం అందించి, బయటే నిలబడింది.

"బిస్మిల్లక్క ఎట్లుండాది జమీలా?" అని అడిగింది సునీత. ఇన్ని రోజుల్లో ఆ పేరు ఎత్తడం అదే మొదలు.

"ఎట్లుంటాది. ఇండ్లల్లో పనికని పోయినాది. పిల్లోళ్ళుండే ఇంట్లోకి నిన్నెట్ల రానిస్తాం అన్నారంట. వీధిలో ఆమెను సూదులామె అంటాండారు." జమీలా చువ్వ పట్టుకుని ముందుకు వంగి, "నీకు తెలిసిందేదో ఉంటే చెప్పక్కా. నేను అడగను" అంది.

సునీత ఉగ్గాని తినలేకపోయింది. కక్కలేని, మింగలేని బతుకు ఎట్లా ఉంటుందో ఆ రోజంతా ఆమెకు అర్థమవుతూనే ఉంది. బయటపడాలని వింటుంటే, వినేకొద్దీ బయట చేయబోయే పని గొంతుకు అడ్డం పడుతోంది. వినకపోతే ఇంట్లో బందీ. విని తలుపు తెరుచుకుంటే కారులో బందీ. నిజం చెబితే ఆ మీదట ఇంకెక్కడ బందీయో ఆ ఆఫీసరుకే తెలియాలి. అయినా ఆపలేదు. వంటిల్లు ఖాళీ అయింది, మంచం కింద ఖాళీ అయింది.

సోమవారం పొద్దునకు మూడే మిగిలాయి, తలుపు వెనకదీ, ఆదివారానిదీ, ఆ వేళే వచ్చిందీ. తలుపు వెనకదానికి ముందుది పాపానికి దగ్గర చేసే చోట్ల గురించి. మనసు గట్టిదని నమ్ముకుని అక్కడికి పోవద్దు, పోకుండా ఉండటమే తెలివి అన్నాడు ఫాదర్. అది విన్నాక సునీత ఫోను పక్కన పెట్టి ఆలోచించింది. నిజమే చెప్పాలని అప్పటికి తేల్చుకుంది. కానీ తనను తాను ఆమె బాగా ఎరుగును. ఆ కారులో నాగభూషణం పక్కన ముప్పావుగంట కూర్చుంటే, జమ్మలమడుగు చేరేలోపు ఆయన తియ్యటి మాటలకు మనసు మళ్ళీ మారిపోతుంది. తలుపు వెనక మూటను తడిమి చూసుకుంది, గట్టిగానే ఉంది. దాన్ని వినకుండా ఉంచేసింది.

ఎనిమిదిన్నరకు కారు వచ్చింది. నాగభూషణమూ, డ్రైవరూ కలిసి తలుపును తోశారు. ఇద్దరూ చెమటలు కక్కారు గానీ తలుపు ఊగనైనా ఊగలేదు. నాగభూషణం కిటికీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఏంది సునీతా ఇది. టైమయితాంది."

"ఇంగా వినేది ఉండాది సార్. అది పోతే గాని తలుపు రాదు."

"అయితే విను. పన్నెండు నిమిషాలే గదా, నేనీడ్నే నిలబడతా."

"మీరుండంగ వినను సార్."

ఆయనకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక బతిమాలాడు, పెండ్లప్పుడు సెలవులిచ్చింది గుర్తు చేశాడు, పోలీసుల పేరు చెప్పాడు. ఫోను ఇటివ్వు, నేనే పెట్టి వింటానన్నాడు కూడా. ఎవరి పాఠం వాళ్ళే వినాలి గదా. తొమ్మిది దాటాక, నువ్వు రాకపోతే వాయిదా అడిగి వస్తా, ఆ తర్వాత నీ సంగతి చూస్తానని కారెక్కాడు.

కారు సందు మలుపు తిరిగేదాకా చూసి సునీత ఆ మూడూ విన్నది. మూడు నిమిషాలూ కదలకుండా ఉంది. తలుపు మామూలు తలుపులాగా తెరుచుకుంది. చెప్పులేసుకుని పరుగున బస్టాండుకు పోయి జమ్మలమడుగు బస్సు పట్టుకుంది.

ఆఫీసులో నాగభూషణం వాయిదా కాగితం చేతిలో పెట్టుకుని నిలబడి ఉండగా ఆమె లోపలికి వచ్చింది. సూది వేసింది నేనే, టెస్టు చేయకుండా వేశాను, బిస్మిల్లా బీ వద్దంటే కూడా వేశాను, ఆ కాగితంలో ఉన్నది అబద్ధం అని చెప్పింది. విచారణకు పిలిపిస్తే వచ్చిన బిస్మిల్లా బీ గోడవారన నిలబడి అంతా విన్నది. తిరుపాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సునీతనే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపును సునీత చచ్చేదాకా మరచిపోదు. ఆఫీసరు అంతా రాయించి, రేపు స్టేషన్‌కు రావాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదని చెప్పాడు. ఉద్యోగం సంగతి ఎవరూ చెప్పలేదు, చెప్పే పని లేదు.

తిరుగు బస్సులో ఆమె వెనక కడ్డీ పట్టుకుని నిలబడింది. సీట్లున్నాయి, కూర్చోబుద్ధి కాలేదు. మూడు వరసల ముందు కిటికీ పక్కన బిస్మిల్లా బీ ఉంది. ఆమె వెనక్కి తిరిగి చూసి, సీటు మీది సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆడెందుకు నిలబడినావు. వచ్చి కూర్చో."

సునీత కూర్చుంది. బస్సు ఊరు దాటింది.

"నిన్ను మాఫ్ చేసినా అనుకోవద్దు," అంది బిస్మిల్లా బీ, బయటికే చూస్తూ. "రెండు నెల్లు నా బిడ్డలు వీధిలో తలెత్తుకోలేదు. అది పొయ్యేది కాదు."

"అనుకోనక్కా."

కండక్టరు వచ్చి టికెట్లు కొట్టి పోయాడు. పెన్న మీది గాలికి బిస్మిల్లా బీ ముసుగు సర్దుకుంది.

"రేపు స్టేషన్‌కు ఎన్ని గంటలకు రమ్మన్నారు?"

"పదికి."

"ఒకదానివే పోవద్దు. ఆ పొద్దు నాగభూషణం నిన్ను ఎట్ల తొందరపెట్టినాడో చూసింది నేనొక్కదాన్నే గదా. నేను వచ్చి చెప్తా."