ఏ ఇంటి అమ్మాయిదో ఆ గొంతు

మా నాథన్‌ది కౌంటర్‌టెనర్ గొంతు. అంటే మగవాడే, కానీ ఆడవాళ్ళ స్థాయిలో పాడతాడు. ఒకప్పుడు ఇలాంటి గొంతు వింటే తెల్లవాళ్ళు కూడా ముసిముసిగా నవ్వేవారట. ఇప్పుడు బ్రిస్బేన్‌లో వీడి పాట కాగానే లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. మా టూవూంబా తెలుగు చర్చిలో మాత్రం వాడు ఇంతవరకు నోరు విప్పలేదు. మనవాళ్ళ ముందు ఒక్క క్రిస్మస్ పాటైనా పాడాలని వాడికి ఎంత ఆశో తల్లిని, నాకు తెలియదా.

చర్చిలో పాటలు పాడించే కాయర్ పెద్ద ఎలియాజర్ గారిని అడిగితే వినకుండానే కొట్టిపారేశారు.

"మగపిల్లోడు మగపిల్లోడిలా పాడాలి సుగుణమ్మా. చర్చిలో కామెడీ వద్దు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన పాట ఎత్తుకుంటే పడుకున్న పసిపిల్లలు లేచి ఏడుస్తారు, అది మాత్రం కామెడీ కాదు కాబోలు.

ఇంటికొచ్చి నాథన్ పాట రికార్డు చేసి, పేరు చెప్పకుండా చర్చి వాట్సాప్ గ్రూపులో పడేశాను. కాసేపటికే ఎలియాజర్ గారి జవాబు వచ్చింది. దేవుడిచ్చిన గొంతట, ఈసారి సోలో ఈ అమ్మాయికేనట. అంతటితో ఊరుకుంటే ఆయన ఎలియాజర్ ఎందుకవుతారు? వెంటనే ఫోన్ చేశారు.

"ఎవరమ్మాయమ్మా? మనోళ్ళేనా? మా అక్క కొడుకు హారిస్‌డేల్‌లో ఉన్నాడు, పీఆర్ కూడా వచ్చేసింది, ఇక ఇక్కడే సెటిల్. సండే ఆర్వో, అదే మధ్యాహ్నం, మీ ఇంటికి పిలిపిస్తే వచ్చి పిల్లని చూసెళ్తాం."

"తప్పకుండా రండి అన్నయ్యగారూ. పాట కూడా విందురుగాని."

ఆదివారం ఎలియాజర్ గారు, ఆయన భార్య స్వీట్లతో, పళ్ళతో దిగారు. ఆవిడ పట్టుచీర కట్టుకొచ్చారు. అమ్మాయిని పిలవమనగానే నాథన్ వచ్చి నిలబడ్డాడు. గడ్డమైనా గీసుకోలేదు వెధవ.

"అమ్మా, వాట్ డిడ్ యూ డూ?" అన్నాడు నా వంక చూసి.

"ముందు పాడరా" అన్నాను.

పాడాడు. మొదటి చరణం పూర్తికాకముందే ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వేశారు. ఎలియాజర్ గారు ముఖం కందగడ్డ చేసుకున్నారు. నాథన్ గొంతు వణికి ఆగిపోయింది. అల్లరికి పోయి బిడ్డ పరువు తీశానే అని నా ప్రాణం ఉసూరుమంది.

ఎలియాజర్ గారు జేబులోంచి ఫోన్ తీసి గ్రూపులో తను పెట్టిన జవాబు చూసుకున్నారు.

"గ్రూపులో అందరి ముందూ మాటిచ్చేశాను" అని గొణిగారు. తర్వాత, "నేను కళ్ళు మూసుకుంటాలే. నువ్వు మొదట్నించీ పాడు బాబూ" అన్నారు.

నాథన్ మళ్ళీ అందుకున్నాడు. రెండో చరణంలో ఎలియాజర్ గారు కళ్ళు తెరిచారు. పాట అయ్యేదాకా వాడి ముఖం మీంచి చూపు తిప్పలేదు.