చిప్పల్లేని నీళ్ళు

తలలు నెరిసినా వాళ్ళని అందరూ పెద్దోడు, చిన్నోడు అనే పిలిచేవాళ్ళు. తండ్రి కట్టిన పీతల షెడ్డుకి, ఆయన పోయిన ఏడాదే, మధ్యలో గోడ లేచింది. పెద్దోడికి పెట్టెల గది వచ్చింది. పిల్లపీతల్ని పెట్టెకొకటి చొప్పున వేసి, మేపి, బలిశాక అమ్ముకోవడం అక్కడి పని. చిన్నోడికి హేచరీ వచ్చింది. తల్లిపీతలు, గుడ్లు, పిల్లలు అన్నీ అక్కడే. అంటే ప్రతి పంటకీ పిల్లల కోసం పెద్దోడు తమ్ముడి గుమ్మంలో నిలబడాలన్నమాట. అక్కడే కాలింది పెద్దోడికి. పుట్టుకలో ముందున్నవాడు వెనకొచ్చినవాడి ముందు చెయ్యి చాచడమా అని అన్నం కూడా సయించేది కాదు.

సముద్రం పాతది కాదిప్పుడు. ఊళ్ళన్నీ వదిలిన పొగంతా తాగీ తాగీ దాని నీళ్ళకి పులుపెక్కింది. మన నాలుకకి తెలియదు గానీ పీతకి తెలుస్తుంది. అలాంటి నీళ్ళలో పెడితే తిన్న తిండంతా నెత్తురు పులవకుండా కాపాడుకోవడానికే ఖర్చయిపోతుంది దానికి. ఎదగడానికి మిగలదు. పాత పెంకు విడిచాక కొత్తది గట్టిపడదు. వాసన కూడా సరిగా అందదు, తిండి పక్కనే ఉన్నా దిక్కులు తడుముకుంటుంది. ఇది కనిపెట్టిన తండ్రి, సముద్రపు నీళ్ళు లోపలికొచ్చే ఒక్కో గొట్టం మీద ఒక్కో తొట్టి కట్టించి, నిండా ఆల్చిప్పలు పోయించాడు. పులుపు ముందు చిప్పల్ని తినేసి చల్లబడుతుంది, ఆ తర్వాతే పీతల దగ్గరికి వెళ్తుంది. చిప్పలు అరిగినప్పుడల్లా కొత్తవి పోయాలి. పంపకాల్లో ఇద్దరి తొట్లూ పెద్దోడి వైపే పడ్డాయి.

ఒక మధ్యాహ్నం చిన్నోడు కునుకు తీస్తుండగా, తమ్ముడి తొట్టిలో చిప్పలన్నీ తోడేసి, మూత మాత్రం సరిగ్గా పెట్టాడు పెద్దోడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, ఆ ధైర్యం.

కొన్ని వారాలకి చిన్నోడు తల్లిపీతనొకదాన్ని చేతిలో పట్టుకొచ్చాడు. పొట్ట కింద గుడ్లున్నాయి. కాళ్ళు వేలాడుతున్నాయి.

"అన్నయ్యా, ఇది తినట్లేదు. చేపముక్క నోటి ముందు పెట్టినా కనిపెట్టలేకపోతోంది. నీళ్ళు బానే ఉన్నాయా?"

"నా పీతలు తింటున్నాయిగా. నీళ్ళు ఒకటే కదరా ఇద్దరికీ."

"మరెందుకిలా?"

"చెయ్యి మంచిది కాకపోతే అంతే. సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి. వాటి సంగతి నాకేం తెలుస్తుంది?"

చిన్నోడు వెళ్ళాక చిప్పలు తోడేసిన సంగతీ, ఆ మాటా భార్యకి చెప్పి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "నోరులేని జీవాలండీ" అంది. "నోరున్నవాడి కోసమేలే" అన్నాడు. నిజంగానే కడుపు చల్లగా ఉంది అతనికి. రోజూ గోడకి చెవి ఆనించి, అవతల తమ్ముడు చచ్చిన పీతల్ని బకెట్లోకి విసిరే చప్పుడు వినేవాడు. అది వినపడని రోజు వెలితిగా ఉండేది.

చివరికి చిన్నోడే వచ్చి హేచరీ తాళాలు బల్ల మీద పెట్టాడు. "నావల్ల కాదు, ఇచ్చినంత ఇయ్యి, బావమరిది ఐసు ఫ్యాక్టరీలో పని చూసుకుంటా" అన్నాడు. పెద్దోడు ఇచ్చింది చూసి వదినగారే తలదించుకుంది. చిన్నోడు మాత్రం లెక్కైనా పెట్టుకోకుండా తీసుకుని, గుడ్లున్న తల్లులు కొన్ని మిగిలాయని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే పెద్దోడు తొట్టి నిండా కొత్త చిప్పలు పోశాడు. తల్లులు కదిలాయి, కాస్త కాస్త తిన్నాయి కూడా. గుడ్లు నల్లబడి పగిలాయి. ట్యాంకులో పిల్లలు పొగలా లేచేసరికి పెద్దోడు భార్యని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాడు. ఇక ఎవడి గుమ్మమూ ఎక్కక్కర్లేదు.

అవి మొదటి పెంకు విడిచేదాకా బతకలేదు. గుడ్డులో ఉండగానే పులుపు తిన్న పిల్లలు. ఉన్న కాస్త సత్తువా అక్కడే అయిపోయింది. ఈదలేక, తినలేక, అడుగున బూడిదలా పేరుకున్నాయి. ఒళ్ళు కరగదీసుకున్న తల్లులు కూడా ఒకదాని వెనక ఒకటి వెల్లకిలా పడ్డాయి. పెట్టెల్లో పెరిగినవన్నీ అప్పటికే అమ్ముడైపోయాయి. సముద్రంలోంచి ఇంకోటి తెద్దామంటే, గుడ్లున్న తల్లిపీత వలలో పడి ఏళ్ళయింది. తండ్రి ఏరి ఏరి నిలబెట్టిన జాతి అది. ఇప్పుడు ఎక్కడా లేదు.

పెద్దోడు ఫోను తీసి తమ్ముడికి చేశాడు.

"ఒరే, పిల్లలు పోయాయిరా. ఏం చెయ్యాలో చెప్పు."

"ఏం లేదు అన్నయ్యా. ఆ గుడ్లు ఎప్పుడో చెడ్డాయి."

"నీకు తెలుసా?"

"ఆ తల్లిపీతని తెచ్చి చూపించిన మర్నాడే నీ వైపున్న నా తొట్టి మూత ఎత్తి చూశా. చిప్పలు పోద్దామని బస్తా భుజానేసుకుని వచ్చా కూడా. లోపల నువ్వు వదినకి నా సంగతే చెప్పి మళ్ళీ నవ్వుతున్నావు. బస్తా వెనక్కి పట్టుకెళ్ళిపోయా."

"చూస్తూ చంపావా వాటిని? నాన్న జాతి కదరా."

"మనమూ నాన్న జాతే కదా అన్నయ్యా" అన్నాడు చిన్నోడు. గొంతులో కోపమైనా లేదు. వెనక ఐసు పగలగొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. "ఉంటా మరి, బండి వచ్చింది."

భార్య ట్యాంకు పక్కన నిలబడి ఉంది. నీళ్ళలోకి గాలి కొట్టే మిషను గుర్రుమంటోంది.

"ఆపెయ్యనా?" అంది.

"ఉండనీ" అన్నాడు పెద్దోడు. అందులో ఊపిరి పీల్చేది ఒక్కటీ లేదని తెలిసే అన్నాడు.